హై-రెజ్ (సీడీని మించిన క్వాలిటీ) పాటలు స్ట్రీమింగ్‌లో వినాలా, ఫైళ్ళు కొని డిస్కులో పెట్టుకోవాలా? మా కోనసీమ కరెంటుకీ నెట్టుకీ ఏది నయం?

ముక్తేశ్వరం రేవు

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎప్పట్నుంచో అనుకుంటున్న సెట్టు మొత్తానికి కొనేశాను, స్టీరియో ఆంప్ ఒకటి, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఓ జత, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ దాకా తీసుకునే యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చేలా మార్చే డబ్బా) ఒకటి. తీరా కొన్నాక దీంట్లోకి పాట ఎక్కణ్ణుంచి రావాలి అన్న దగ్గర ఆగిపోయా. మా బావమరిది హైదరాబాద్‌లో ఉంటాడు, ఈ రోజుల్లో ఫైళ్ళు దాచుకునేవాడెవడు బావా, నెలకింత కట్టి హై-రెజ్ స్ట్రీమింగ్ పెట్టెయ్, ఉన్న పాటలన్నీ నీ హాల్లోకొస్తాయి అంటాడు. వాడికేం, అక్కడ కరెంటు పోదు నెట్టు పోదు. ఇక్కడ మబ్బు పడితే చాలు లైను మీద కొబ్బరి మట్ట పడిందనో ఇంకోటనో కరెంటు తీసేస్తారు, ఇన్వర్టర్ ఎత్తుకునేలోపు రౌటర్ ఆఫ్ అయ్యి ఆన్ అవుతుంది, పాట మధ్యలో పోతుంది.

వినేది బాలమురళి గారివి, చిట్టిబాబు గారి వీణ, మాండొలిన్ శ్రీనివాస్, 80లు 90ల సినిమా పాటలు, మా ఆవిడకి ఘంటసాల తప్పనిసరి, అప్పుడప్పుడు నేను ఒక్కణ్ణే ఉంటే జాజ్. నాన్నగారి సీడీలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఫోన్ ఆండ్రాయిడ్, నెట్ కేబుల్ ఆయన ఇచ్చిన ఫైబర్. స్ట్రీమింగ్‌లో వచ్చేది నిజంగా కొన్న ఫైలంత బాగుంటుందా, డేటా ఎంత తింటుంది, కొనాలంటే ఎక్కడ కొనాలి, అసలు ఈ 24 బిట్ గొడవ నాలాంటివాడికి అవసరమా... తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

భీమవరం వైరింగు

ముందు మీ బావమరిది పక్షాన మాట్లాడతా. స్ట్రీమింగ్ అంటే నాసిరకం అన్నది పాత మాట. లాస్‌లెస్, అంటే పాటలో ఏమీ తీసెయ్యకుండా, ఇచ్చే సర్వీసులో మీ ఇంటికొచ్చే బిట్లూ అదే మాస్టర్ (స్టూడియోలో తయారైన అసలు రికార్డింగు) నుంచి కొన్న ఫైల్లో బిట్లూ ఒకటే. దార్లో ప్యాకెట్ పోతే మళ్ళీ అడిగి తెచ్చుకుంటుంది, ముందే కొంత పాట బఫర్‌లో దాచుకుని ఉంటుంది, కాబట్టి నెట్ బాగోకపోతే పాట ఆగుతుందే తప్ప బేస్ పల్చబడ్డం ట్రెబుల్ మొద్దుబారడం అలాంటివేమీ జరగవు. యాప్‌లో ఆటోమేటిక్ క్వాలిటీ అని ఉంటే మాత్రం అది తీసేసి పైదాన్ని ఫిక్స్ చేసుకోండి, లేకపోతే సిగ్నల్ తగ్గినప్పుడు చెప్పకుండా కిందకి దిగిపోతుంది.

డేటా లెక్క సులువే. సీడీ క్వాలిటీ (16/44.1, అంటే సెకనుకి 44.1 వేలసార్లు శబ్దాన్ని కొలిచి ఒక్కో కొలతని 16 బిట్లలో రాయడం) అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు, 24/96 అయితే 4.6 మెగాబిట్లు, 24/192 అయితే 9.2. ఇవి కుదించకముందు లెక్కలు, ఫ్లాక్ (ఏమీ పోకుండా కుదించే ఫైలు రకం) చేస్తే పాటని బట్టి సగం నుంచి మూడింట రెండొంతులకి వస్తుంది. అంటే 24/96 గంట వింటే సుమారు ఒక జీబీ పైన, 24/192 అయితే రెండున్నర దాకా. ఫైబర్ ప్లాన్‌కి ఇదో లెక్క కాదు, రోజుకి 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ మీద మాత్రం ఒక కచేరీ సగంలోనే ఆగిపోతుంది.

ఇక సర్వీసులంటారా. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనంగా ఏమీ తీసుకోకుండా 24/192 దాకా ఇస్తోంది. స్పాటిఫై లాస్‌లెస్ 2025 సెప్టెంబర్లో మొదలైంది, అది 24/44.1 దాకానే. యూట్యూబ్ మ్యూజిక్ 256 కిలోబిట్లు, జియోసావన్ 320, అవి లాస్‌లెస్ కావు. టైడల్, కోబజ్ మన దేశంలో అధికారికంగా అమ్మట్లేదు, వీపీఎన్ పెట్టి కట్టుకునేవాళ్ళున్నారు, ఎప్పుడు ఖాతా మూసేస్తారో తెలీదు కాబట్టి నేనైతే ఆ జోలికి పోను.

మెలిక ఎక్కడంటే ఆండ్రాయిడ్‌లో. యాప్ మీద 24/192 అని రాసుంటుంది కానీ ఆండ్రాయిడ్ మామూలుగా వచ్చిన ప్రతీ శబ్దాన్నీ తన మిక్సర్‌లో వేసి 48 కిలోహెర్ట్జ్ చేసి డాక్‌కి పంపుతుంది. మీ డాక్ ముందు నంబరు గానీ రంగు మారే లైటు గానీ ఉంటే చూడండి, ఏ పాట పెట్టినా 48 దగ్గరే కూర్చుంటే సంగతి అదే. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ ఆ మిక్సర్‌ని తప్పించి నేరుగా పంపుతుంది, అది మీ సొంత ఫైళ్ళకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, యాపిల్ మ్యూజిక్‌కి పనికిరాదు. ఐఫోనో పాత ఐప్యాడో ఇంట్లో ఉంటే వైరుతో డాక్‌కి పెట్టండి, రేటు దానంతటదే మార్చుకుంటుంది.

బ్లూటూత్ సంగతి ఇక్కడే తేల్చేస్తా, బ్లూటూత్ మీద హై-రెజ్ అంటూ అమ్మేది పెట్టె మీద స్టిక్కరే. ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతి అన్నిటికన్నా మంచి పరిస్థితిలో 990 కిలోబిట్లు, సీడీకే 1,411 కావాలని పైన చెప్పాగా.

రాజోలు లంక

భీమవరం గారు చెప్పింది భీమవరంలో నిజమండీ. ఆయ్, మాకు వేరే.

2022 మే నెలాఖర్లో అమలాపురం గొడవలయ్యాక జిల్లాలో నెట్ ఆపేశారు గుర్తుందా, రోజుల తరబడి. సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని గోదావరి దాటి పోయారు. 2025 అక్టోబర్లో మొంథా తుపాను వచ్చి నర్సాపురం దగ్గర్లో తీరం దాటినప్పుడు స్తంభాలు పడిపోతే ఫైబర్ కూడా వాటితోపాటే పడింది, అది స్తంభాల మీదే కదా వచ్చేది. కరెంటన్నా ముందొచ్చింది, కేబుల్ తర్వాతెప్పుడో. ఆ సాయంత్రాలు మా ఇంట్లో పాట ఆగలేదంటే డిస్కులో ఉంది కాబట్టి.

ఇంకోటి, యాప్‌లో డౌన్‌లోడ్ బటన్ ఉంది కదా అది చాలదా అంటారు. అది మీ సొంతం కాదండీ. తాళం వేసిన ఫైలు, ఆ యాప్‌లో తప్ప ఎక్కడా మోగదు, డబ్బు కట్టడం మానేస్తే పోతుంది, స్పాటిఫై అయితే 30 రోజులకోసారన్నా నెట్‌కి తగిలించాలి. పాట మీద కంపెనీల మధ్య పేచీ వస్తే అసలు పాటే ఉండదు. 2019లో సారేగామాకీ స్పాటిఫైకీ ఢిల్లీ హైకోర్టులో తగువు నడిచి ఆ కేటలాగంతా తీసేశారు, మళ్ళీ 2020 జూన్‌లో ఒప్పందం అయ్యేదాకా లేదు. సారేగామా అంటే పాత హెచ్‌ఎంవీ, మన పాత పాటల్లో ఎన్ని వాళ్ళవో మీకు చెప్పక్కర్లేదు. మీ ఆవిడ గారికి ఘంటసాల తప్పనిసరి అన్నారు, ఆవిడకి ఏడాదిపైన ఏం చెప్తారు మరి?

కొనడానికైతే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ చూడండి, విదేశీ పేమెంటు ఆన్ చేసిన కార్డు ఉంటే చాలు, ఫ్లాక్ దించుకోవచ్చు, తాళాలేమీ ఉండవు. జాజ్‌కి బంగారం. కర్ణాటక సంగీతం కొద్దికొద్దిగా దొరుకుతుంది. పాత తెలుగు సినిమా పాటలు హై-రెజ్ ఫైళ్ళుగా డబ్బిచ్చి కొనుక్కునే కొట్టు మాత్రం లేనట్టే.

ఇన్వర్టర్ ఏ రకం? స్క్వేర్ వేవ్ అయితే ఆంప్ దాని మీద పెట్టకండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటూనే ఉంటుంది, మెల్లగా ఉండే ఆలాపన దగ్గర అదే వినపడుతుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ కలిపి చిన్న 12 వోల్టుల డీసీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, రెండూ 12 వోల్టులవేనా కాదా అడాప్టర్ మీద చూసి తగిలిస్తే మీరు చెప్పిన ఆ ఆగిపోయే రోగం అక్కడితో పోతుంది. స్ట్రీమింగ్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఇది చేయించండి.

పాత టేపు

ఇద్దరూ గొట్టం గురించే కొట్టుకుంటున్నారు, అందులో వచ్చే నీళ్ళ సంగతి ఎవరూ అడగరేంటి. రాజమండ్రిలో క్యాసెట్లు రికార్డు చేసిచ్చే కొట్లో పని చేసినవాణ్ణి, ఒరిజినల్ ఏదో తెలుసుకోకుండా కాపీ గురించి మాట్లాడ్డం నాకు చేతకాదు.

మీరు వినే లిస్టు చూడండి. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన మొదటి పాటలు 78 ఆర్‌పీఎం ప్లేట్ల కాలం నాటివి, తర్వాతవి టేపు మీదా ఫిల్ము మీదా ఉన్నవి. ఆ ప్లేటులోనే పై స్థాయి శబ్దం సగం లేదు, దాన్ని 24/192లో పెడితే ఎక్కణ్ణుంచి వస్తుంది? చెంబుడు నీళ్ళు గంగాళంలో పోస్తే గంగాళం నిండదు. మాండొలిన్ శ్రీనివాస్ మన పాలకొల్లు బిడ్డే, ఆయన బాగా రికార్డు చేసిన రోజులు 80లు 90లు, అప్పటికి డిజిటల్ వచ్చింది, 1987 నుంచి డాట్ (డిజిటల్ ఆడియో టేప్) టేపులు, అవి 16 బిట్. డాట్ మీద 16 బిట్లో పట్టిన కచేరీకి ఇవాళ 24 బిట్ అని బిళ్ళ తగిలిస్తే ఆ మిగతా 8 బిట్లలో ఉండేది సున్నాలే. మంచి అనలాగ్ టేపు మీద ఉన్నవాటిని జాగ్రత్తగా కొత్తగా ఎక్కిస్తే అప్పుడు లాభం ఉంది, కాదనను. అది ఎక్కించినవాడి చెవిని బట్టి, టేపు ఎలా దాచారన్నదాన్ని బట్టి.

ఏది అసలు ఏది సాగదీసింది అని తేల్చుకోవడానికి స్పెక్ అని ఉచితంగా ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలుని లాగి దాంట్లో పడెయ్యండి, రంగుల పటం వస్తుంది, అడుగున పసుపూ ఎరుపూ, పైకెళ్ళేకొద్దీ ఊదా, తర్వాత నలుపు. పక్కన కిలోహెర్ట్జ్ అంకెలుంటాయి. 24/96 ఫైలైతే పటం 48 దాకా ఉంటుంది. అందులో రంగు 22 దగ్గర ఒక్కసారిగా అడ్డంగా తెగిపోయి పైనంతా నల్లగా ఉంటే అది సీడీని సాగదీసి అమ్ముతున్నట్టు. 16 దగ్గర తెగితే ఎప్పటిదో 128 ఎంపీ3, 20 దగ్గరైతే 320ది అనుకోవచ్చు. పాత టేపు రికార్డింగుల్లో అలా తెగదు, మెల్లగా పల్చబడుతూ పైన బుస్సుమనే హిస్ మిగులుతుంది, దాన్ని చూసి దొంగది అనుకోకండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో 24 బిట్ ఫ్లాక్ అని తిరిగేవాటిని ఓసారి స్పెక్‌లో వెయ్యండి, నవ్వొస్తుంది. స్ట్రీమింగ్‌లో ఈ పరీక్ష చేసే వీలే లేదు, వాడు ఏ బిళ్ళ తగిలిస్తే అది నమ్మాలి, నాకు అక్కడ గిట్టదు.

ఇక అవసరమా అన్నారు. 44.1 అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టేస్తుంది, మనిషి చెవి ఎంత లేతగా ఉన్నా 20. నా వయసుకి 12 దాటితే నిశ్శబ్దమే. 16 బిట్ అంటే 96 డెసిబెల్స్ తేడా పట్టుకుంటుంది, మన హాల్లో ఫ్యాను తిరుగుతుంటేనే 40 దాకా ఉంటుంది, బయట వానాకాలం కప్పలు సరేసరి. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వేశారు, హై-రెజ్ డిస్కు ఆడిస్తూ మధ్యలో చెప్పకుండా దాన్ని 16/44.1కి దింపే పెట్టె పెట్టారు, మామూలు సౌండులో జనం కనిపెట్టలేకపోయారు.

కాబట్టి మీ దగ్గరున్న అసలైన నిధి ఆ రెండు అట్టపెట్టెలు. 80లు 90ల సీడీల్లో చాలావాటికి సౌండు పిండేసే అలవాటు ఇంకా రాలేదు, తర్వాత రీమాస్టర్ అని వచ్చినవాటిల్లో మెల్లగా ఉన్నదీ గట్టిగా ఉన్నదీ ఒకే ఎత్తుకి తెచ్చి వాయిస్తారు, వీణ మీటినప్పుడు ఆ మొదటి దెబ్బ చచ్చిపోతుంది. చిట్టిబాబు గారివి పాత సీడీ ఉంటే దాన్ని వదులుకుని హై-రెజ్ వెంట పడకండి.

భీమవరం వైరింగు

పాత టేపు గారూ, 2007 దగ్గరే ఆగిపోతే ఎలాగండీ. 2016లో జాషువా రీస్ అదే పత్రికలో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేశాడు, తేడా కనిపెట్టడం జరుగుతోంది, తక్కువే గానీ ఉంది అని తేల్చాడు. చెవికి శిక్షణ ఇచ్చినవాళ్ళయితే ఇంకాస్త మెరుగు.

పాత టేపు

ఆ తక్కువ ఎంతో కూడా చెప్పండి మరి. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేస్తే నూటికి 50 కరెక్ట్ అవుతుంది, ఆయన లెక్కలో వచ్చింది 52 చిల్లర. ఆ చిల్లర కోసం ఆయన డాక్‌కి ఐప్యాడ్ కొనాలా?

పైగా ఇంట్లో పోల్చేటప్పుడు రెండిటి సౌండూ సమానంగా పెట్టేదెవరు. ఒక డెసిబెల్ ఎక్కువున్నది ఎప్పుడూ బాగున్నట్టే వినపడుతుంది. స్ట్రీమింగ్ యాప్‌ల్లో పాటలన్నీ ఒక ఎత్తుకి తెచ్చే సెట్టింగ్ ఉంటుంది, యాపిల్‌లో దాని పేరు సౌండ్ చెక్, అది ఆన్‌లో పెట్టి పక్కన మీ ఫైలు పెట్టి చూస్తే ఫైలే గట్టిగా మోగి గెలుస్తుంది. ముందు అది ఆఫ్ చేసి అప్పుడు మాట్లాడుకుందాం.

తణుకు మేడ

మీ హాలు ఎలా ఉంటుందండీ? శ్లాబు, కింద గ్రానైటు, గోడలకి ఏమీ లేకుండా ఉంటే ఒకసారి చప్పట్లు కొట్టి వినండి, టంగున తిరిగొస్తుంది. స్పీకర్లకీ సోఫాకీ మధ్య మందపాటి జంపఖానా ఒకటి పరిచి, కిటికీలకి దళసరి కర్టెన్లు వేసి, స్పీకర్లని గోడకి ఓ మూరెడు ముందుకి లాగండి. 24 బిట్ తేడా నాకు తెలీదు గానీ ఈ తేడా మా అమ్మకి కూడా తెలిసింది, ఇప్పుడు మాటలు అర్థమవుతున్నాయిరా అంది.

ముక్తేశ్వరం రేవు

అబ్బో, ఒకటి అడిగితే చాలా వచ్చాయి, అందరికీ ధన్యవాదాలు. గ్రానైటేనండీ, టంగుమనే అంటోంది. డాక్ లైటు కూడా చూశా, భీమవరం గారు చెప్పినట్టు ఏది పెట్టినా 48 రంగే వెలుగుతోంది.

ఇలా అనుకుంటున్నా, చెప్పండి సరేనా. సీడీలన్నీ ఫ్లాక్ చేసి డిస్కులో పెట్టేస్తా, జాజ్ నచ్చినవి కొంటా, కొత్త పాటలు ఏముందో చూసుకోవడానికి స్ట్రీమింగ్ చవక ప్లాన్ ఒకటి ఉంచుతా. అయితే సీడీల్లో కొన్నిటికి మచ్చలొచ్చాయి, మా వాతావరణం తెలిసిందే కదా, అవి వస్తాయా? రిప్ చేసేది, అదే సీడీలోంచి ఫైళ్ళు తీసేది, ఎలా, పెట్టేది ఏ డిస్కులో?

పాత టేపు

సీడీని ట్యూబులైటు వైపు పట్టుకుని బొమ్మ ఉన్న వైపు నుంచి చూడండి. సన్నగా సూది బెజ్జాల్లా వెలుతురు కనపడితే అక్కడ మెరిసే లోహపు పొర పోయినట్టు, ఆ ముక్క రావడం కష్టం. బూజు అయితే సబ్బునీళ్ళతో పోతుంది, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు, గుండ్రంగా పడ్డ గీతని ప్లేయర్ దాటలేదు, అడ్డంగా పడ్డది దాటేస్తుంది.

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడండి, ఉచితమే. అది మీ రిప్‌ని యాక్యురేట్‌రిప్ అనే జాబితాలో వేరేవాళ్ళ రిప్‌లతో పోల్చి సరిగ్గా వచ్చిందో లేదో చెప్తుంది. జాబితాలో లేని సీడీ అయితే రెండుసార్లు రిప్ చేసి సీఆర్‌సీ అంకె (ఫైల్లో తేడా వస్తే మారిపోయే అంకె) రెండిట్లో ఒకటే ఉందా చూసుకోండి, ఒకటే అయితే ఇంక దిగుల్లేదు. ఆల్బమ్ పేరూ రాగం పేరూ అప్పుడే కొట్టేసుకోండి, తర్వాత కొడదాం అనుకున్నవాడెవడూ కొట్టలేదు.

రాజోలు లంక

ఒక టీబీలో సీడీ క్వాలిటీ ఆల్బమ్‌లు రెండు వేల పైన పడతాయి, మీ పెట్టెలు అందులో ఓ మూలకి. అయితే డిస్కులు రెండు కొనండి, ఒకటి సెట్టు దగ్గర, ఇంకోటి బీరువాలో సిలికా జెల్ పొట్లాలేసి ప్లాస్టిక్ డబ్బాలో. నెలకోసారి దాన్ని తీసి కొత్తవి ఎక్కించండి. ఫ్లాక్ ఫైల్లో లోపలే దాని చెక్‌సమ్, అంటే సరిచూసుకునే అంకె, ఉంటుంది, ఎప్పుడైనా పాడైందేమో అనిపిస్తే టెస్ట్ కొట్టి చూసుకోవచ్చు, ఎంపీ3కి ఆ సుఖం లేదు.

మీ ఫోన్‌కి డిస్కూ డాక్ రెండూ తగిలించే తంటా పడకండి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి తీసుకుని పాటలు వాయించే సాఫ్ట్‌వేర్, మూడ్ గానీ వాల్యూమియో గానీ, ఎక్కించండి, డిస్కు దానికి, డాక్ దానికి, ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది, నెట్ లేకపోయినా ఇంట్లో వైఫై ఉంటే చాలు. 48 రంగు గొడవ కూడా పోతుంది, ఫైలు ఎంతైతే అంతే పంపుతుంది. దానికి కరెంటు చటుక్కున పోతే మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టి, అన్నీ సరిచేసుకున్నాక కార్డుకి ఒక కాపీ తీసి ఉంచుకోండి. ఎప్పుడైనా డిస్కుని వేరే రిసీవర్‌కి తగిలించాలంటే ఫార్మాట్ (డిస్కులో ఫైళ్ళు అమర్చే పద్ధతి) చూసుకోవాలి, చాలావాటికి ఎఫ్‌ఏటీ32 తప్ప తెలీదు, ఎక్స్‌ఫ్యాట్ డిస్కు పెడితే ఖాళీ అంటాయి.

ఉప్పుగాలి తగిలే ఊరైతే ఆంప్ వెనక ఆర్‌సీఏ పిన్నులు (ఆడియో వైర్లు తగిలించేవి) పచ్చబడతాయి, అప్పుడప్పుడు పీకి తిప్పి పెట్టండి. పిడుగుల రోజున ప్లగ్గు పీకెయ్యండి, స్విచ్ ఆపితే చాలదు.

ముక్తేశ్వరం రేవు

సరేనండీ, పై ఒకటి తెప్పిస్తా. మా లాప్‌టాప్‌లో సీడీ డ్రైవే లేదు, బయట పెట్టుకునేవి వస్తాయా?

భీమవరం వైరింగు

యూఎస్‌బీ డీవీడీ రైటర్ అని అడగండి, కాకినాడ, రాజమండ్రి కంప్యూటర్ షాపుల్లో ఇంకా ఉన్నాయి, కొత్తది ఆన్‌లైన్లోనూ వస్తుంది. హబ్బుకి పెట్టొద్దు, పవర్ చాలక మధ్యలో ఆగి టక్ టక్ అంటుంది, నేరుగా లాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. గీతలున్న సీడీకి ఒక్కోదానికి గంట కూడా పడుతుంది, మధ్యలో పీకెయ్యకండి.